ఆరో మనిషి

18 సెప్టెంబర్ 2024, బుధవారం

డ్యూటీ దిగి ఇంటికొచ్చాక ఒక్క మాట కూడా పైకి మాట్లాడలేదని ఇవాళ గమనించాను. పొద్దుటి నుంచి రైలు పట్టాల మీద మాట్లాడినవి మాటలు కావు. ‘ఎత్తు’, ‘దించు’, ‘బండొస్తంది, పక్కకి రా’. అంతే. అందుకని రాస్తున్నాను. ఎవరూ చదవరు. డిగ్రీ చదివే రోజుల్లో నా చేతిరాత బాగుండేది. ఇప్పుడు పార పట్టిన చేతిలో పెన్ను నిలవటం లేదు.

ఉష మాచవరంలో వాళ్ళమ్మగారింట్లో ఉంది. ఆసుపత్రి నుంచి నేరుగా అక్కడికే వెళ్ళింది. కుట్లు మానాలి, విశ్రాంతి కావాలి. ఈ నడికుడి క్వార్టర్‌లో నేను డ్యూటీకి పోతే ఆమెను చూసేదెవరు? ఆమెకు అక్కడే బాగుంటుంది.

పాప పోయి ఇవాళ్టికి నలభై రోజులు.

నేను బాగానే ఉన్నాను.

19 సెప్టెంబర్

నీళ్ళ ప్లాంటు దగ్గర ఇవాళ కూడా రెండు క్యాన్లు పట్టాను. ఒక్కటి చాలు.

24 సెప్టెంబర్, మంగళవారం

సాయంత్రం రఫీక్ వచ్చాడు. పట్టాలు బాగుచేసే మా గ్యాంగులోనే పని, నాకన్నా నాలుగేళ్ళు చిన్న. లోపలికి రమ్మంటే రాలేదు. గుమ్మం దగ్గరే నిలబడి, “అన్నా, వాలీబాల్‌కి మనిషి తగ్గాడు. అయిదుగురమే ఉన్నాం. నువ్వొచ్చి నిలబడు చాలు,” అన్నాడు.

నాకు ఆట రాదన్నాను.

“రాకపోయినా పర్లేదన్నా. ఆరో మనిషి ఉంటే అవతలోళ్ళు ఆడతామంటన్నారు.”

తలనొప్పిగా ఉందన్నాను. వాడు వెళ్ళిపోయాడు. డిగ్రీలో మూడేళ్ళూ కాలేజీ టీములో ఆడాను. రాదని ఎందుకన్నానో తెలియదు.

25 సెప్టెంబర్

మళ్ళీ వచ్చాడు. తలనొప్పి తగ్గిందా అని అడిగాడు. తగ్గిందనక తప్పలేదు. వెళ్ళి నిలబడ్డాను. లెక్కకి నిలబడటమే, ఆడటమేమీ కాదు.

2 అక్టోబర్, బుధవారం

వారం రోజులుగా వెళ్తున్నాను. క్వార్టర్ల వెనక ఖాళీ జాగాలో రెండు పాత పట్టా ముక్కలు పాతి నెట్ కట్టారు. మా గ్యాంగువాళ్ళు ఒక వైపు, స్టేషన్‌లో పనిచేసేవాళ్ళు, ఊళ్ళోవాళ్ళు ఇంకో వైపు. మా మేట్ యల్లమంద గారికి యాభై నాలుగేళ్ళు. పట్టాల మీద మా పదిమందికీ పెద్ద ఆయనే, ఇక్కడా ఆయనే. ఇప్పుడు ఆడరు. గీత అవతల ఇటుక మీద కూర్చుని తిడతారు.

నన్ను వెనక వరసలో రఫీక్ పక్కన పెట్టారు. అవతలి సర్వీస్ వస్తే మా ఇద్దరిలో ఒకరు అందుకోవాలి. ఇవాళ మూడుసార్లు బంతి మా ఇద్దరి మధ్యనే పడింది. నేను తీస్తానని వాడు, వాడు తీస్తాడని నేను.

యల్లమంద గారు లేచి వచ్చారు. “ఒరే ఉపేంద్రా, బంతి నీ మీదకొస్తే ‘నాది’ అని అరవాలిరా. నోట్లో ఏముంది, వక్కపొడా? నువ్వు నోరు తెరిస్తేనే గదా పక్కోడికి తెలిసేది!”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ అరవలేకపోయాను. 

6 అక్టోబర్, ఆదివారం

మాచవరం వెళ్ళొచ్చాను.

ఉష చిక్కిపోయింది. వసారాలో నులకమంచం మీద కూర్చుని ఉంది. ఎలా ఉన్నావంటే బాగున్నానంది. మీరెలా ఉన్నారంటే బాగున్నానన్నాను. ఆ తరవాత ఇద్దరం వాకిట్లో కోళ్ళను చూస్తూ కూర్చున్నాం.

మధ్యాహ్నం గమనించాను. ఉష తన అన్నం తనే వేరే గిన్నెలో వండుకుంటోంది. అత్తయ్య రామాయమ్మ గారు పొయ్యి దగ్గరికి వస్తే లేచి అవతలికి పోతుంది. తల్లీకూతుళ్ళ మధ్య మాటల్లేవు.

ఉష ఒక్కటే అడిగింది, నేను వెళ్ళబోయే ముందు. “పాపని నాకెందుకు చూపించలేదండీ?”

ఆగస్టులోనూ ఇదే అడిగింది. అప్పుడు చెప్పిందే మళ్ళీ చెప్పాను. “పెద్దవాళ్ళు వద్దన్నారు.”

ఆమె వంటింటి వైపు చూసింది. అక్కడ అత్తయ్య అంట్లు తోముతోంది.

బస్సు దాకా అత్తయ్య వెంట వచ్చింది. “నాతో మాట్లాడదు బాబూ. రెండు నెల్లయింది. తొమ్మిది నెలలు మోసిన బిడ్డని చూడనీకుండా చేశానంట,” అంది. అని నా ముఖంలోకి చూసింది. ఏదో అంటాననుకుంది. బస్సు వచ్చింది, ఎక్కాను.

7 అక్టోబర్

అలాంటప్పుడు పెద్దవాళ్ళు అలాగే అంటారు. ఎక్కడైనా అంతే. నేనేమీ అబద్ధం చెప్పలేదు.

12 అక్టోబర్

దసరా. గ్రౌండ్‌లో ఎవరూ లేరు. ఒక్కడినే గోడకి బంతి కొట్టి వచ్చాను.

20 అక్టోబర్, ఆదివారం

చేతులు గుర్తు తెచ్చుకుంటున్నాయి. ఇవాళ నేనందించిన బంతులన్నీ నేరుగా నవీన్ దగ్గరికి వెళ్ళాయి. నవీన్ కొత్తగా చేరిన కుర్రాడు, నెట్ దగ్గర బంతి పైకి లేపేది వాడే. “మామా, ఇట్టా ఇస్తే నేను కళ్ళు మూసుకుని లేపుతా,” అన్నాడు. ఆడినంత సేపూ ఏమీ గుర్తుండదు. ఆట అయి, నెట్ విప్పి, చెప్పులు వేసుకునేటప్పుడు అన్నీ తిరిగొస్తాయి. అందుకే నెట్ విప్పే పని నేనే పెట్టుకున్నాను. ముడులు మెల్లగా విప్పుతాను.

జనవరి ఇరవై ఆరున గురజాలలో పోటీలున్నాయట. వెళ్దామంటున్నారు. నేను రానని చెప్పలేదు.

3 నవంబర్, ఆదివారం

రఫీక్ చెయ్యి విరిగింది. నా వల్ల.

ఎత్తుగా వచ్చిన బంతి. అది నాదే. నాదేనని నాకు తెలుసు. పరిగెత్తాను. అరవలేదు. వాడు అటునుంచి పైకి చూస్తూ వచ్చాడు. ఇద్దరం గుద్దుకున్నాం. వాడు కింద, వాడి చెయ్యి మీద నేను. ఎముక చప్పుడు నాకు వినపడింది.

పిడుగురాళ్ళ తీసుకెళ్ళి కట్టు కట్టించాం. మణికట్టు పైన విరిగిందట. ఎనిమిది వారాలు కట్టు ఉంచాలట. దారంతా వాడు ఏడవకుండా పళ్ళు బిగించి కూర్చున్నాడు. నేను పక్కన కూర్చుని, “ఏం కాదు, ఏం కాదు,” అన్నాను. ఆగస్టులో ఉష మంచం పక్కన కూడా ఇదే అన్నాను.

5 నవంబర్

రఫీక్ వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళమ్మ టీ ఇచ్చింది. క్షమించమని అడగటానికి వెళ్ళాను గానీ ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. వాడే మొదలుపెట్టాడు.

“బాధపడమాక అన్నా. ఆటలో దెబ్బలు తగుల్తయ్.”

“నాది అని అరవాల్సింది,” అన్నాను.

“అరవకపోతే ఏంలే అన్నా. అది కాదు.” వాడు కట్టు వైపు చూసుకున్నాడు. “నెల బట్టి పక్కపక్కనే ఆడతన్నాం గదా. నిజం చెప్తా, ఏమీ అనుకోమాక. గుద్దుకున్న దాకా నువ్వు అక్కడున్నావనే నాకు తెలవలా.”

వాడు మామూలుగానే అన్నాడు. నేను టీ తాగి వచ్చేశాను.

6 నవంబర్

ఆటకి వెళ్ళలేదు.

7 నవంబర్

వెళ్ళలేదు.

9 నవంబర్, శనివారం

ఇది రాయాలి. రాసి చూడాలి.

ఆగస్టు తొమ్మిదిన నరసరావుపేట ఆసుపత్రిలో పెద్దవాళ్ళెవరూ ఏమీ వద్దనలేదు.

ఉష మత్తులో ఉంది. కడుపులోనే పాప గుండె ఆగిపోయిందని డాక్టరమ్మ వచ్చి చెప్పి వెళ్ళింది. మామయ్య మందులకని కిందికి వెళ్ళారు. అత్తయ్య బెంచీ మీద ఉంది. నర్సమ్మ తెల్లగుడ్డలో చుట్టి తెచ్చి నా చేతుల్లో పెట్టింది. “ఇంకో గంటలో ఆమెకి మెలకువొస్తది. అప్పటిదాకా ఉంచమంటారా? ఒకసారి చూసుకుంటది,” అంది. అత్తయ్య లేచి వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది. “చూడనియ్యండి బాబూ. కన్నది గదా,” అంది.

నేను వద్దన్నాను.

ఉష తట్టుకోలేదన్నాను. అప్పుడు అదే నిజమనుకున్నాను. కాదు. ఆమె పాపను చూస్తుంటే ఆమె ముఖం నేను చూడాలి. అది నా వల్ల కాదు. అందుకని, ఆమె లేచేలోపు అయిపోవాలని, ఆటో మాట్లాడుకుని ఒక్కణ్ణే శ్మశానానికి వెళ్ళాను. ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను. ఆటో గుంటలో పడ్డప్పుడల్లా తల కదలకుండా చెయ్యి అడ్డం పెట్టాను. ఎందుకో తెలియదు. దెబ్బ తగులుతుందనా?

తిరిగొచ్చేసరికి ఉష కళ్ళు తెరిచి ఉంది. ఎక్కడ, అంది. పెద్దవాళ్ళు వద్దన్నారు, అన్నాను. అంత తేలిగ్గా వచ్చింది నోటికి.

మూడు నెలలుగా ఆ మాటని అత్తయ్య మోస్తోంది.

10 నవంబర్, ఆదివారం

యల్లమంద గారే ఇంటికి వచ్చారు. చెప్పులు విప్పకుండా లోపలికి వచ్చి కుర్చీలో కూర్చున్నారు. పొయ్యి మీద మాడిన గిన్నె చూశారు. 

“నాలుగు రోజుల్నించీ రావట్లా ఏందిరా?”

రఫీక్ చెయ్యి నావల్ల విరిగిందన్నాను. ఇక ఆడనన్నాను.

“నువ్వు ఆట మానితే వాడి చెయ్యి అతుక్కుంటదా?”

నేను మాడిన గిన్నె తీసి కింద పెట్టాను.

“వాడు లేడు, నువ్వు రావు. నలుగురే మిగిల్నారు. నలుగురు ఏమాడతార్రా? నీ బాధ నీకుంటది, కాదన్లా. మా కోడలికి రెండుసార్లు కడుపు పోయింది, మాకు తెలవదా? కానీ ఒకటి చెప్తా విను. నువ్వు ఇంట్లో కూర్చుంటే అక్కడ నీ జాగా ఖాళీగా ఉంటది. బంతొచ్చి అక్కడే పడతది. పద.”

వెళ్ళాను. రఫీక్ జాగాలో స్టేషన్ క్యాంటీన్ మహబూబ్‌ని పెట్టారు. మొదటి సర్వీస్ నా వైపే వచ్చింది. “నాది,” అన్నాను. నాకే వినపడనంత చిన్నగా. యల్లమంద గారు ఇటుక మీద నుంచి, “ఏందీ?” అని అరిచారు. రెండోది వచ్చింది. “నాది!” అన్నాను. మూడోదానికి గొంతు చీలిపోయింది.

నాది. నాది. నాది. చీకటి పడేదాకా అదే. ఇంటికొచ్చేసరికి గొంతు పోయింది. అన్నం మింగటానికి కష్టంగా ఉంది.

24 నవంబర్

రఫీక్ కట్టు మెళ్ళో వేసుకుని వచ్చి యల్లమంద గారి పక్కన ఇంకో ఇటుక వేసుకున్నాడు. ఇప్పుడు ఇద్దరు తిడుతున్నారు.

1 డిసెంబర్, ఆదివారం

ఇవాళ మాచవరం వెళ్ళాలనుకున్నాను. నడికుడిలో బస్సెక్కి దాచేపల్లిలో దిగి వెనక్కి వచ్చాను. కండక్టర్ వింతగా చూశాడు.

8 డిసెంబర్, ఆదివారం

వెళ్ళాను. చెప్పాను.

ఉష వసారాలో పత్తి కుప్ప ముందు కూర్చుని దూదిలో ఇరుక్కున్న ఎండాకులు ఏరుతోంది. ఎదురుగా కింద కూర్చున్నాను. నేనూ రెండు ఏరాను. మూడోది ఏరుతూ చెప్పాను.

“మీ అమ్మ వద్దనలేదు. చూడనియ్యమంది. నర్సమ్మ కూడా ఉంచమంటారా అని అడిగింది. వద్దన్నది నేను.”

ఆమె చెయ్యి ఆగలేదు. “ఇంకోసారి చెప్పండి,” అంది.

చెప్పాను. ఈసారి మొత్తం. మత్తు గురించీ, ఆటో గురించీ, ఎందుకు వద్దన్నానో దాని గురించీ.

అత్తయ్య గుమ్మంలోకి వచ్చి నిలబడింది. “ఇప్పుడెందుకులే బాబూ అయ్యన్నీ,” అంది.

ఉష తల తిప్పి తల్లిని చూసింది. “నీకు తెలుసు గదే. మరి నాకెందుకు చెప్పలా? నాలుగు నెల్లు నేనన్న మాటలన్నీ పడ్డావే!”

“నన్ను తిట్టుకుంటే ఎప్పటికన్నా మర్చిపోతావులే అనుకున్నా. ఎంతైనా అమ్మని గదా. ఆయన్ని తిట్టుకుంటే కాపురమే పోద్ది,” అంది అత్తయ్య. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఉష లేచి వెళ్ళి తల్లి భుజం మీద తల పెట్టుకుంది. ఇద్దరూ ఏడుస్తున్నారు. నేను పత్తి ముందు కూర్చుని ఉన్నాను. నాకు అక్కడ జాగా లేదు. లేకపోవటం న్యాయమే.

చాలాసేపటికి ఉష ఇటు తిరక్కుండానే, “మీరు వెళ్ళండి,” అంది.

వచ్చేశాను. ఇల్లు ఎప్పటిలాగే ఉంది. పొద్దున్న తాగిన టీ గ్లాసు అక్కడే ఉంది.

15 డిసెంబర్

ఫోన్ లేదు. చేయలేదు, రాలేదు. సాయంత్రం ఆడాను.

19 డిసెంబర్

ఫోన్ లేదు. ఆడాను. మోకాలు గీరుకుంది.

25 డిసెంబర్

చెప్పకుండా ఉంటే బాగుండేదేమో. కనీసం నెలకోసారి వెళ్ళి వసారాలో కూర్చునే వీలుండేది. ఇప్పుడు అదీ లేదు.

అయినా అయిదయ్యేసరికి కాళ్ళు గ్రౌండ్ వైపు వెళ్తాయి. అక్కడెవరూ ఏమీ అడగరు. నేను వెళ్ళకపోతే మాత్రం నవీన్ గుమ్మం ముందుకొచ్చి “మామోయ్” అని కేకేస్తాడు. ఈ క్వార్టర్లన్నిట్లో నన్నెవరైనా కేకేసి పిలిచేది ఆ ఒక్క పనికే.

31 డిసెంబర్

రఫీక్ కట్టు విప్పారు. చెయ్యి సన్నబడి వేరే మనిషి చెయ్యిలా ఉంది. రోజూ రబ్బరు బంతి నొక్కమన్నారట. నొక్కుతూ నా పక్కనే కూర్చుని, “వదిన ఎప్పుడొస్తదన్నా?” అన్నాడు.

తెలియదన్నాను. మూడు నెలల కిందట అడిగితే త్వరలోనే అని ఉండేవాణ్ణి.

4 జనవరి 2025, శనివారం

ఉష ఫోన్ చేసింది. పట్టాల మీద ఉన్నాను. పక్కకి దిగి తుప్పల్లో నిలబడి మాట్లాడాను.

“నన్ను అక్కడికి తీసుకెళ్ళండి.”

ఎక్కడికని అడగలేదు. రేపు పొద్దున అన్నాను.

5 జనవరి, ఆదివారం

నరసరావుపేట బస్టాండులో ఉష నాకన్నా ముందే వచ్చి కూర్చుని ఉంది. వాళ్ళమ్మను తీసుకురాలేదు. ఆటోలో ఇద్దరి మధ్య ఇంకో మనిషి పట్టేంత ఎడం.

శ్మశానం కాపలా ఆయన పసిబిడ్డల్ని పూడ్చే వైపు చూపించి వెళ్ళిపోయాడు. అక్కడ రాళ్ళూ గుర్తులూ ఏవీ లేవు. వానలకు మట్టి అణిగి, పల్లేరు మొలిచి, నేలంతా ఒకేలా ఉంది. ఆ రోజు గోడ నుంచి మూడో తుమ్మచెట్టు దగ్గర అని మనసులో అనుకున్నాను. ఇప్పుడు చూస్తే చెట్లు కొట్టేశారు. మొదళ్ళు అయిదారున్నాయి.

ఉష నా వైపు చూస్తోంది. ఏదో ఒక చోటు చూపించి ఇక్కడే అనొచ్చు. ఆమెకు తెలియదు.

“సరిగ్గా తెలియటం లేదు ఉషా,” అన్నాను. “ఇక్కడి నుంచి అక్కడిదాకా. ఈ మధ్యలో ఎక్కడో.”

ఆమె ఆ మధ్యలోకి నడిచింది. పల్లేరుకాయలు గుచ్చుకుంటున్నా చెప్పులు విప్పి కూర్చుంది. రెండు అరచేతులూ నేలకి ఆనించింది.

“జుట్టుందా?”

“చానా ఉంది. తడిగా, నుదుటి మీదకి పడి ఉంది.”

“రంగు?”

“నీ రంగే.”

“ఎవరి పోలిక?”

“చెవులు నీవి. కనుబొమల మధ్య చిన్న ముడి ఉంది. నీకు కోపమొచ్చినప్పుడు పడేలాంటిది. వేళ్ళు నావి. గోళ్ళు పెరిగి ఉన్నయ్యి. ఒక చెయ్యి గుడ్డలోంచి బయటికొస్తే లోపల పెట్టాను. మళ్ళీ వచ్చింది. రెండుసార్లు పెట్టాను...”

 ఆ తరవాత వచ్చింది మాట కాదు. ఎంతసేపు ఏడ్చానో తెలియదు. మోకాళ్ళ మీద పడి ఉన్నాను. కాపలా ఆయన వచ్చి చూసి వెనక్కి వెళ్ళిపోయాడు. ఉష దగ్గరికి తీసుకోలేదు. వద్దని కూడా అనలేదు. కాసేపటికి నా చొక్కా అంచు పట్టుకుంది. పట్టుకుని అలాగే కూర్చుంది.

తిరిగి బస్టాండులో, మాచవరం బస్సు ఎక్కబోతూ, “రెండో చేత్తో తల పట్టుకున్నారా? ఆటోలో?” అని అడిగింది.

పట్టుకున్నానన్నాను. తల ఊపి ఎక్కింది.

14 జనవరి

ఫోన్ చేశాను. ఎత్తింది. నాలుగు నిమిషాలు మాట్లాడుకున్నాం. మిరపకోతలు మొదలయ్యాయట. కూలీలు దొరకటం లేదట. వస్తానని ఆమె అనలేదు. రమ్మని నేను అడగలేదు.

20 జనవరి

రఫీక్ వెనక వరసలోకి తిరిగి వచ్చాడు. మొదటి బంతికే ఇద్దరం ఒకేసారి “నాది” అని అరిచి ఇద్దరం ఆగిపోయాం. యల్లమంద గారు తల పట్టుకున్నారు.

26 జనవరి, ఆదివారం

గురజాల నుంచి ఇప్పుడే వచ్చాను. ఒళ్ళంతా దుమ్ము. ఇంకా స్నానం చేయలేదు.

ఓడిపోయాం. రెండో మ్యాచ్‌లోనే. అందరూ ఆటోలో పాటలు పాడుకుంటూ వచ్చారు, గెలిచినవాళ్ళలా. క్వార్టర్ల దగ్గర ఒక్కొక్కరే దిగి ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయారు. తాళం తీసి లోపలికి వచ్చి కూర్చున్నాను. ఆ తరవాత ఉండే నిశ్శబ్దం నాకు తెలుసు. ఇవాళా ఉంది.

అప్పుడు ఫోన్ మోగింది. ఉష. తనంతట తను చేయటం ఇది రెండోసారి.

“ఇయ్యాల పోటీ అన్నారుగా. ఏమైంది?”

“ఓడిపోయాం.”

ఇంతకు ముందైతే అక్కడితో అయిపోయేది. సరే అని తను, ఉంటాను అని నేను. ఇవాళ తను పెట్టేయలేదు. వెనక అత్తయ్య గొంతు వినపడుతోంది, ఉషని అన్నానికి పిలుస్తోంది.

“వస్తన్నానే, ఆగు,” అంది ఉష తల్లితో. తరవాత నాతో, “ఎట్టా ఓడిపోయారు? మొదట్నించీ చెప్పండి,” అంది.

మొదటి నుంచీ చెప్పాను. పొద్దున ఎనిమిదింటికి ఆటోలో ఎవరెక్కడ కూర్చున్నారో అక్కడి నుంచి.